అలంకార కళల ప్రదర్శనలో ఏమి చూడాలి, ఎలా చూడాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. చిత్రకళా ప్రదర్శనకు వెళ్ళినప్పుడు ఒక్క పటం ముందు చాలాసేపు నిలబడి చూడడం నాకు అలవాటే. రంగుల పొందిక, గీతలోని బలం, చిత్రకారుడు ఏది చూపి ఏది దాచాడు అన్న విషయాలు నెమ్మదిగా తెలిసివస్తాయి. అదే మ్యూజియంలో కుర్చీలు, పింగాణీ పాత్రలు, వెండి సామాను, తివాచీలు, దుస్తులు వంటి అలంకార కళల వస్తువులు ఉంచిన గదుల్లోకి అడుగుపెట్టగానే నా నడక వేగం పెరిగిపోతుంది. ప్రతి వస్తువూ అందంగానే ఉంటుంది గానీ ఏ ఒక్కటీ నన్ను ఆపదు. ఒక గిన్నెను అంతసేపు చూడడానికి అందులో ఏముంటుందో నాకు అంతుబట్టదు.

ఈ సందేహాన్ని ఇప్పుడే అడగడానికి ఒక కారణం ఉంది. ఈ మధ్య పెద్ద మ్యూజియంలు ఈ రంగం మీద ఎక్కువ దృష్టి పెడుతున్నాయి. 2025లో పారిస్‌లోని లూవ్ర్ తన చరిత్రలో తొలిసారిగా ఫ్యాషన్ ప్రదర్శన పెట్టి, ఆ దుస్తులను అలంకార కళల విభాగంలోని పాత సామాను మధ్యనే నిలబెట్టింది. అదే నగరంలోని అలంకార కళల మ్యూజియం, 1925 నాటి అంతర్జాతీయ ప్రదర్శనకు నూరేళ్ళు నిండిన సందర్భంగా ఆర్ట్ డెకో అనే, 1920ల నాటి అలంకరణ శైలిని విస్తారంగా చూపింది. లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అదే ఏడాది ఫ్రెంచి నగల సంస్థ కార్టియే ఆభరణాలు, వాటితో పాటు 18వ శతాబ్దపు ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోనెట్ అభిరుచులు, వాటి ప్రభావం ఇతివృత్తంగా రెండు ప్రదర్శనలు జరిగాయి. ఇంతమంది పండితులు ఇంత శ్రమ పడి చూపుతున్న వాటిలో నా కంటికి అందనిది ఏదో ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది.

అందువల్ల తెలిసినవారిని అడుగుతున్నాను. ఇటువంటి వస్తువు ముందు నిలబడినప్పుడు మొదట దేనికోసం వెతకాలి? ఈ గదులు ఎందుకంత చీకటిగా ఉంటాయి? వాడుకోవడానికి చేసిన వస్తువును గోడకు తగిలించి పటంలాగా చూపడం దానికి గౌరవమా, అన్యాయమా?

జవాబు 1

నమస్కారం. మీ నడక వేగం పెరగడానికి కారణం మీ అభిరుచిలో లోపం కాదని నా అభిప్రాయం. పటాన్ని దూరం నుంచి చూడడానికే గీస్తారు కాబట్టి అది మీతో తనంతట తానే మాట్లాడుతుంది. పాత్ర, పెట్టె, గుడ్డ చేతిలోకి తీసుకుని వాడేందుకు పుట్టినవి. చేతికి తెలియవలసిన సంగతులను అక్కడ కళ్ళతోనే తెలుసుకోవాలి, అందుకు కొంత ముందస్తు ఎరుక అవసరం. ఏ వస్తువు ముందైనా నేను మొదట వేసుకునే ప్రశ్న, దీన్ని చేసిన క్రమంలో ఏ పని తరువాత ఏ పని జరిగింది అన్నది. ఆ క్రమానికి సంబంధించిన ఆనవాళ్ళు దాదాపు ప్రతి వస్తువు మీదా కనిపిస్తాయి.

కోరమాండల్ తీరంలో 17, 18 శతాబ్దాలలో ఐరోపా కోసం చేసిన అద్దకపు గుడ్డలనే తీసుకోండి. ఇవి లండన్, న్యూయార్క్, టొరంటో మ్యూజియంలలో గొప్ప సేకరణలుగా ఉన్నాయి. చాలామంది వాటి మీద పూల తీగలను చూసి ముందుకు వెళ్ళిపోతారు. నిజానికి ఆ గుడ్డ మీద రంగును నేరుగా పూసింది చాలా తక్కువ. మొదట నూలు గుడ్డను కరక్కాయ రసంలోను, పాలలోను నానబెట్టి ఆరబెట్టారు. ఇనుము ఊరబెట్టిన ద్రవంతో గీత గీస్తే కరక్కాయలోని వగరు గుణంతో కలిసి అది నల్లబడింది. ఎర్రగా రావలసిన చోట్ల పటిక నీళ్ళు పూసి, గుడ్డను చిరివేరు అనే ఎర్రరంగునిచ్చే వేరుతో ఉడికిస్తే పటిక ఉన్న చోటనే ఎరుపు పట్టింది, మిగతా చోట్ల పట్టినదంతా ఉతుకులో, ఎండలో పోయింది. నీలం కోసం, నీలం అక్కరలేని భాగమంతటికీ మైనం పూసి నీలిమందు తొట్టెలో ముంచారు. అంటే ఒక ఆకు ఆకుపచ్చగా రావాలంటే దాన్ని ముందు నీలంగా చేసి, తరువాత పైన పసుపు రంగు వేయాలి.

ఇప్పుడు ప్రదర్శనలో అటువంటి గుడ్డ ముందు నిలబడి ఆకులను మాత్రమే చూడండి. చాలావాటిలో అవి నీలంగా కనిపిస్తాయి. చిత్రకారుడు నీలి ఆకులను కోరుకోలేదు. నీలిమందు నిలిచింది, మీద వేసిన పసుపు రంగు వెలుతురుకు ఎగిరిపోయింది. ఐరోపాలో గోడలకు వేలాడదీసేందుకు బొమ్మలతో నేసిన టాపెస్ట్రీలలోనూ ఇదే జరిగింది, అక్కడి అడవులు కూడా నేడు నీలంగా ఉన్నాయి. టాపెస్ట్రీ వెనుకవైపు వెలుతురు తగలక రంగులు తాజాగా మిగులుతాయి కాబట్టి, కొన్ని ప్రదర్శనలలో వెనుకవైపు ఫోటోను పక్కనే ఉంచుతారు. అది కనబడితే వదిలిపెట్టకండి. మనం చూస్తున్నది ఆ కాలపు రంగు కాదని, ఆ కాలం దాటి వచ్చిన రంగని ఆ ఒక్క ఫోటోతో అర్థమవుతుంది.

వెండి సామాను గదిలో వస్తువు కింద అద్దం పెట్టారేమో చూడండి. లండన్‌లో చేసిన వెండి మీద 1300 నుంచి చిరుతపులి తల ముద్ర, 1478 నుంచి ఏటేటా మారే ఒక అక్షరం వేయడం ఆచారంగా వచ్చింది. ఆ అక్షరం వల్లనే ఒక గిన్నె ఏ సంవత్సరంలో పరీక్షకు వచ్చిందో చెప్పగలుగుతున్నారు. ముద్ర తరచుగా అడుగున ఉంటుంది కాబట్టి అద్దం పెడతారు. పింగాణీ పాత్ర అయితే దాని అడుగు వలయాన్ని చూడాలి. పాత్ర అంతా మెరుగుపూత ఉన్నా, బట్టీలో కింది పలకకు అతుక్కోకుండా ఆ వలయాన్ని చాలాసార్లు పూత లేకుండా వదిలేస్తారు. లోపలి మన్ను అసలు రంగు అక్కడే బయటపడుతుంది.

కలపసామాను విషయానికి వస్తే, ప్రక్కలనూ వెనుకనూ చూడడం మంచి అలవాటు. గోడకు ఆనించి ఉంచే బీరువాల వెనుక భాగాన్ని మామూలు చెక్కతో, పెద్దగా చిత్రిక పట్టకుండానే వదిలేసేవారు. 18వ శతాబ్దపు పారిస్ బీరువా ముందుభాగం చూసి ఒకే మహానుభావుడి పని అనుకుంటాం గానీ, అది వేర్వేరు వృత్తి సంఘాల పని. రంగురంగుల చెక్కను పలుచగా కోసి అతికినవారు ఒకరు, కంచు అలంకారాలను పోతపోసి చెక్కినవారు వేరొకరు, వాటికి బంగారు పూత పూసినవారు ఇంకొకరు. ఆ పూతను పాదరసంలో బంగారం కలిపి కంచుకు పట్టించి, కాల్చి పాదరసాన్ని ఆవిరిగా పోగొట్టి సాధించేవారు. ఆ ఆవిరిని పీల్చిన పనివారి ఆరోగ్యం పాడయ్యేది. ఈ సంగతి తెలిసిన తరువాత ఆ మెరుపును చూడడం వేరే అనుభవం, దానికి మనసు సిద్ధపడాలని నా నమ్మకం.

అన్నిటినీ చూడాలని ప్రయత్నించకండి. గదిలోకి వెళ్ళి ఒక చుట్టు తిరిగి, ఎలా చేశారో మీకు ఊహకు అందని వస్తువును ఒకటి ఎంచుకోండి. దాని దగ్గరే నిలబడండి.

జవాబు 2

పై జవాబులో పసుపు రంగు ఎగిరిపోయిన సంగతి వచ్చింది కాబట్టి, చీకటి గురించిన మీ ప్రశ్నకు అక్కడి నుంచే సమాధానం చెప్పడం సులువు. వస్తువుల సంరక్షణ నాకు ఎంతో ఇష్టమైన విషయం. ఈ చీకటి గురించి సందర్శకులు విసుక్కోవడం విన్నప్పుడల్లా దాని వెనుక ఉన్న లెక్కను చెప్పాలనిపిస్తుంది.

పట్టు, నూలు, కాగితం, నీటిరంగుల చిత్రాలు వంటి సున్నితమైన వాటికి 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురును కొలిచే ప్రమాణం), నూనెరంగుల చిత్రాలకు 200 లక్స్ దాకా వెలుతురు ఉంచడం మ్యూజియంలలో చాలాకాలంగా పాటిస్తున్న పద్ధతి. ఆరుబయట పగటి వెలుతురు వేల లక్స్‌లలో ఉంటుంది. వెలుతురు చేసే హాని ఎప్పటికప్పుడు పోగవుతుంది, వెనక్కి తీసుకునే మార్గం లేదు. ఒక పట్టు గౌనును ఒక ఏడాది ప్రదర్శించి తరువాత చీకటి గదిలో దాచినా, ఆ ఏడాది పోయిన రంగు తిరిగి రాదు. కాబట్టి ప్రతి గుడ్డకూ తన జీవితకాలంలో ఇంత వెలుతురు అన్న ఒక నిల్వ ఉందని భావించి, దాన్ని తరతరాలకు పొదుపుగా పంచుతారు. మీరు చూడాలనుకున్న గుడ్డ ఈసారి కనబడకపోతే, లేదా ప్రదర్శన మధ్యలో దాని స్థానంలో ఇంకొకటి వచ్చి ఉంటే, కారణం చాలావరకు ఇదే.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ అర్దబిల్ తివాచీ. ఇరాన్‌లోని అర్దబిల్‌లో సూఫీ గురువు షేక్ సఫీ అల్ దీన్ సమాధి మందిరం కోసం నేసినట్టుగా చెప్పే ఈ తివాచీ మీద, మన లెక్కలో 1539-40కి సమానమైన తేదీ నేసి ఉంది. పొడవు పది మీటర్లకు పైన, వెడల్పు ఐదు మీటర్లకు పైన ఉండే దీన్ని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 1893లో, ప్రసిద్ధ ఆంగ్ల డిజైనర్ విలియం మోరిస్ గట్టిగా సిఫారసు చేసిన మీదట కొన్నది. చాలా దశాబ్దాలు అది గోడకు వేలాడింది. 2006 నుంచి నేల మీదనే, చుట్టూ గాజు అమర్చిన పెద్ద పెట్టెలో పరిచి ఉంచారు. దాని మీద దీపాలు ప్రతి గంటకూ, ప్రతి అరగంటకూ పది నిమిషాల చొప్పున వెలిగే ఏర్పాటు చేశారు. ఆ పది నిమిషాలకోసం జనం చుట్టూ నిలబడి ఎదురుచూస్తారు. చూడడానికి సమయం ఇంత అని తెలిసినప్పుడు మనిషి ఎంత శ్రద్ధగా చూస్తాడో అక్కడ తెలుస్తుంది.

అయితే చీకటి అన్ని వస్తువులకూ అవసరం లేదు. పింగాణీకి, చాలా రకాల గాజుకు, లోహానికి వెలుతురు వల్ల పెద్దగా హాని జరగదు. అవి కూడా చీకట్లో ఉన్నాయంటే పక్కనే గుడ్డో కాగితమో ఉందని అర్థం. కొన్ని గాజు వస్తువులకు వెలుతురే ప్రాణం. బ్రిటిష్ మ్యూజియంలోని లైకర్గస్ పాత్ర రోమన్లు 4వ శతాబ్దంలో చేసినది. ముందునుంచి వెలుతురు పడితే అది మాసిన ఆకుపచ్చగా, వెనుకనుంచి వెలుతురు దూసుకువస్తే మాణిక్యంలా ఎర్రగా కనిపిస్తుంది. గాజులో అతి సూక్ష్మమైన బంగారు, వెండి కణాలు ఉండడం దీనికి కారణం. దీపాన్ని ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం ఒక్కటే ఆ పాత్రను రెండు పాత్రలుగా చేస్తుంది. కాబట్టి ఏ ప్రదర్శనలోనైనా దీపం ఎటువైపునుంచి పడుతోందో గమనించండి, వీలైతే వస్తువు చుట్టూ తిరిగి చూడండి.

ఇక ఆచరణలో ఉపయోగపడే ఒక మాట చెబుతాను. బయటి ఎండలోనుంచి నేరుగా దుస్తుల గదిలోకి వెళితే మొదటి కొన్ని నిమిషాలు ఏమీ కనబడదు, ఆ కాసేపట్లోనే చాలామంది సగం గది దాటేస్తారు. గది మొదట్లోని పరిచయ ఫలకాన్ని తీరిగ్గా చదవండి. కళ్ళు చీకటికి అలవాటు పడేసరికి, అదే 50 లక్స్‌లో జరీ పోగు, కుట్టు మలుపు కూడా స్పష్టంగా కనబడతాయి.

జవాబు 3

మొదటి జవాబు నాకు నచ్చింది గానీ, దానితో పూర్తిగా ఏకీభవించలేను. ఎలా చేశారన్నదే మొదటి ప్రశ్న అయితే, ప్రదర్శన ఒక పనితనపు పాఠంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. ఎవరు చేశారు, ఎవరికోసం చేశారు, అది ఇక్కడికి ఎలా చేరింది అన్న ప్రశ్నలు కూడా అంతే ముందు రావాలి. మీరు అడిగిన మూడో ప్రశ్నకు సమాధానం వాటిలోనే ఉందని నేను అనుకుంటున్నాను.

1971లో న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియం అమెరికా బొంతలను ప్రదర్శించింది. పాత గుడ్డముక్కలను కలిపి కుట్టిన ఆ బొంతలను మంచాల మీద పరచకుండా, తెల్లని గోడలకు నైరూప్య (ఏ వస్తువు పోలికా లేని) చిత్రాల్లాగా తగిలించారు. ఆ రోజుల్లో న్యూయార్క్ చిత్రకారులు రేఖాగణిత ఆకారాలతో, విశాలమైన రంగు పట్టీలతో పటాలు వేస్తున్నారు. అదే దృష్టితో చూసినవారికి ఆ బొంతలు ఆశ్చర్యం కలిగించాయి. ఇంటిపనిగా కొట్టిపారేసినదాన్ని కళగా చూసే కన్ను చాలామందికి ఆ ప్రదర్శనతోనే తెరుచుకుంది. అదే సమయంలో, వాటిని కుట్టిన స్త్రీల పేర్లు, వారి జీవితాలు, వారు పాటించిన సంప్రదాయాలు గోడ మీదికి రాలేదని స్త్రీవాద విమర్శకులు అభ్యంతరం చెప్పారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. పటంలాగా చూపాలంటే పటం వేసినవారికి ఇచ్చే పేరు కూడా ఇవ్వాలి కదా.

ఈ లోటును చాలావరకు తీర్చిన ప్రదర్శన 2002లో హ్యూస్టన్‌లో మొదలై, అదే ఏడాది విట్నీకి కూడా వెళ్ళింది. అలబామా రాష్ట్రంలో నదీ వంపులో ఉన్న జీస్ బెండ్ అనే చిన్న ఊరి నల్లజాతి స్త్రీలు కుట్టిన బొంతలవి. వారి పూర్వీకులు అక్కడి పత్తితోటలో బానిసలుగా ఉన్నవారు. ఈసారీ బొంతలు గోడమీదే ఉన్నాయి. పక్కన మాత్రం కుట్టినవారి పేరు, వారి మాటలు ఉన్నాయి. ఒక బొంతలో మోకాళ్ళ దగ్గర వెలిసిపోయిన పనిదుస్తుల గుడ్డ కనిపిస్తుంది. అది భర్త ధరించినది, లేదా తండ్రిది. ఇంకొన్నింటిలో ముదురు రంగుల కార్డురాయ్ గుడ్డ కనిపిస్తుంది. 1970లలో ఆ ప్రాంతపు కుట్టుపని సహకార సంఘానికి సియర్స్ అనే దుకాణాల కంపెనీ దిండు కవర్ల పని ఇస్తే, అక్కడ మిగిలిన ముక్కలు ఇళ్ళకు చేరి బొంతల్లోకి వచ్చాయి. ఈ సంగతులు తెలియకపోయినా ఆ రంగుల కూర్పు గొప్పదే. తెలిస్తే ఆ కూర్పులో ప్రతి నిర్ణయమూ ఎంత పరిమితమైన వనరులతో తీసుకున్నదో అర్థమై, గౌరవం రెట్టింపవుతుంది.

కాబట్టి గోడకు తగిలించడం తప్పని నేను అనను. నేతను పూర్తి స్థాయి కళగా నిలబెట్టడానికి ఎందరో జీవితమంతా పాటుపడ్డారు. జర్మనీలోని బౌహౌస్ అనే కళా, డిజైన్ విద్యాలయంలో స్త్రీలను ఎక్కువగా నేత విభాగానికే పంపేవారు. అక్కడ చదివిన ఆనీ ఆల్బర్స్, ఆ విభాగాన్నే తన మార్గంగా చేసుకుని, 1949లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఏకవ్యక్తి ప్రదర్శన జరిగిన తొలి నేత కళాకారిణి అయ్యారు. ఈ మధ్య 2023 నుంచి 2025 వరకు లాస్ ఏంజలిస్, వాషింగ్టన్, ఒట్టావా, న్యూయార్క్ నగరాలలో తిరిగిన ఒక పెద్ద ప్రదర్శన, నేతకూ ఆధునిక నైరూప్య కళకూ ఉన్న బంధాన్నే ఇతివృత్తంగా తీసుకుంది. నేత చిత్రకళను అనుసరించిందన్న పాత కథను అది తిరగేసి, మగ్గం మీది నిలువు పడుగు, అడ్డ పేకల గళ్ళే ఆధునిక చిత్రకారుల ఆలోచనకు ఎలా దారి చూపాయో చూపించింది.

ఎలా చేరింది అన్న ప్రశ్నకు, మొదటి జవాబులోని అద్దకపు గుడ్డలే మంచి ఉదాహరణ. ఐరోపాలో వాటికి వచ్చిన గిరాకీకి అక్కడి పట్టు, ఉన్ని నేతగాళ్ళు తట్టుకోలేక ఆందోళన చేస్తే, ఫ్రాన్స్ 1686లో నిషేధం విధించి 1759 దాకా కొనసాగించింది. ఇంగ్లండు మొదట 1700లో దిగుమతిని కట్టడి చేసి, 1721లో చాలా రకాల అద్దకపు నూలుబట్టల వాడకాన్నే నిషేధించింది. అంటే నేడు గాజుపెట్టెలో కనిపించే, ఆ గుడ్డతో కుట్టిన గౌను, కొన్నిచోట్ల కొన్ని దశాబ్దాల పాటు చట్టం దృష్టిలో నేరం. 2013లో న్యూయార్క్‌లోని మెట్రొపాలిటన్ మ్యూజియం 1500 నుంచి 1800 వరకు జరిగిన ప్రపంచ వస్త్ర వ్యాపారంపై పెట్టిన ప్రదర్శన ఇటువంటి కథలతో నిండి ఉంది. ఒకే గుడ్డలో ఒక దేశపు పత్తి, ఇంకొక దేశపు నమూనా, మూడో దేశపు అభిరుచి ఎలా కలిశాయో అక్కడి కూర్పు స్పష్టంగా చెప్పింది. మంచి అలంకార కళా ప్రదర్శనకు నా కొలబద్ద ఇదే: వస్తువు అందాన్ని తగ్గించకుండా, అది దాటి వచ్చిన దూరాన్ని కూడా చూపాలి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఆకులు నీలంగా ఎందుకున్నాయో అని నేను ఏనాడూ ఆలోచించలేదు, ఇకమీదట ఆలోచించకుండా ఉండలేను. మీ జవాబులు చదివాక ఇంకొక రెండు సందేహాలు మిగిలాయి. మొదటిది, కొన్ని మ్యూజియంలు పాత భవనంలోని ఒక గదిని గోడలు, పైకప్పుతో సహా తెచ్చి, అందులో సామాను సర్ది చూపుతాయి. వస్తువును అది ఉండిన పరిసరాలలోనే చూపడం అన్నిటికన్నా మేలైన పద్ధతి అనిపిస్తుంది. దాన్ని అలాగే నమ్మవచ్చా? రెండవది, ఇప్పుడు ఎక్కువ జనం వెళుతున్నది పేరున్న ఆభరణాల సంస్థల, దుస్తుల సంస్థల ప్రదర్శనలకే. అక్కడ నేర్చుకోవడానికి ఏముంటుంది?

జవాబు 4

ఆ గదులంటే నాకు చాలా ఇష్టం, అయినా వాటిని పూర్తిగా నమ్మకూడదనే చెబుతాను. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో నార్ఫోక్ హౌస్ సంగీత గది ఉంది. లండన్‌లోని ఒక డ్యూక్ భవనంలో 1756 నాటికి సిద్ధమైన గది అది. 1938లో ఆ భవనాన్ని కూల్చివేసినప్పుడు తెలుపు, బంగారు రంగుల చెక్కపని పలకలు మ్యూజియానికి చేరాయి. ఆ గది మ్యూజియానికి రాకపోయి ఉంటే పూర్తిగా నశించేది. అయినా కిటికీలోనుంచి వచ్చే వెలుతురు, కొవ్వొత్తుల వేడి, మనుషుల రద్దీ మాత్రం మ్యూజియంలోకి రావు. చాలా మ్యూజియంలలో ఇటువంటి గదుల గోడలు ఒక ఇంటివి, కుర్చీలు ఇంకొక ఇంటివి, తివాచీ మూడో చోటిది అయి ఉంటాయి. కాలం ఒకటే కాబట్టి కలిపి ఉంచుతారు. అది మోసం ఏమీ కాదు, వివరణ ఫలకంలో ఆ సంగతి రాస్తారు. ఆ ఫలకం చదవకుండా బయటికి వస్తే మాత్రం, ఎన్నడూ లేని ఒక ఇంటిని చూసి వచ్చినట్టవుతుంది.

వస్తువుల వెనుక ఉన్న సంపద ఎక్కడిదో చెప్పే గదులు ఇప్పుడు పెరుగుతున్నాయి. మెట్రొపాలిటన్ మ్యూజియం తన బ్రిటిష్ అలంకార కళల గదులను 2020లో కొత్తగా తీర్చిదిద్దినప్పుడు, ఎత్తైన గాజుబీరువాలలో నూరు టీపాట్లను ఒకేచోట పేర్చింది. కూరగాయల ఆకారంలో, జంతువుల ఆకారంలో ఉన్న ఆ టీపాట్లను చూసి పిల్లలు కూడా ఆగిపోతారు. ఆ టీ, అందులో కలిపే చక్కెర ఎక్కడినుంచి, ఎవరి శ్రమతో వచ్చాయో అక్కడి వివరణలు దాచకుండా చెబుతాయి. ఆనందాన్నీ ఆ నిజాన్నీ ఒకే బీరువా ముందు నిలబెట్టడం నాకు ఎంతో నిజాయితీగా అనిపించింది.

ఇక మీ రెండవ సందేహం. పేరున్న సంస్థల ప్రదర్శనలను తీసిపారేయనవసరం లేదు. ఆభరణాన్ని దగ్గరగా చూసే అవకాశం సామాన్యులకు ఇంకెక్కడా దొరకదు. అయితే అక్కడ ప్రతి వస్తువు కింద చివరి వరుసలో చిన్న అక్షరాలతో ఉండే సంగతిని, అంటే దాన్ని ప్రదర్శనకు ఎవరు అరువిచ్చారన్నదాన్ని తప్పక చదవండి. మ్యూజియం సొంత సేకరణ ఎంత, రాజవంశాల నుంచి వచ్చింది ఎంత, ఆ సంస్థ తన దగ్గర దాచుకున్న సేకరణ నుంచి పంపింది ఎంత అన్నది గమనిస్తే, చెబుతున్న కథ ఎవరి దృష్టి నుంచి వస్తోందో అంచనా దొరుకుతుంది. ఆ కథలో డిజైన్ గీసినవారి చిత్తు బొమ్మలు, రాళ్ళు పొదిగినవారి పనిముట్లు, ఆర్డరు పుస్తకాలు ఉంటే ఆ ప్రదర్శన మీద నా నమ్మకం పెరుగుతుంది. వెలిగిపోయే నగలు, వాటిని ధరించిన ప్రసిద్ధుల ఫోటోలు మాత్రమే ఉంటే, కళ్ళు నిండుతాయి గానీ పని గురించి తెలిసేది తక్కువ.

లూవ్ర్ 2025లో చేసిన ప్రయోగం ఈ విషయంలో నాకు మిక్కిలి నచ్చింది. దుస్తులకు వేరే గది ఇవ్వకుండా మధ్యయుగపు దంతపు పనికి, టాపెస్ట్రీలకు, 18వ శతాబ్దపు సామానుకు పక్కన వాటిని ఉంచడం వల్ల, ఒక ఆధునిక దర్జీ ఎంబ్రాయిడరీ ఏ పాత బీరువా మీది తీగనుంచి వచ్చిందో ఎవరూ చెప్పకుండానే కనిపించింది. దుస్తులకోసం వచ్చిన యువతీయువకులు ఆ విభాగమంతా నడిచి, మామూలుగా ఖాళీగా ఉండే గదుల్లో పాత సామాను ముందు ఆగే అవకాశం కల్పించినందుకే ఆ క్యురేటర్లను, అంటే ప్రదర్శనను కూర్చినవారిని, మెచ్చుకోవాలి.

జవాబు 5

ఒక్క విషయం చేర్చి ఊరుకుంటాను. ప్రదర్శనలో ఉంచేది ఏ మ్యూజియంలోనైనా సేకరణలో చిన్న భాగం మాత్రమే, మిగతాదంతా గిడ్డంగుల్లో ఉంటుంది. 2025 మే నెలాఖరున తూర్పు లండన్‌లో తెరిచిన విక్టోరియా అండ్ ఆల్బర్ట్ వారి నిల్వశాల ఆ గిడ్డంగినే సందర్శకులకు తెరిచింది. బీరువాల మధ్య నడుస్తూ, క్యురేటర్ ఎంపిక చేయని వస్తువులను కూడా చూడవచ్చు. అంతకన్నా ముఖ్యంగా, ఫలానా వస్తువు కావాలని ముందుగా సమయం నిర్ణయించుకుంటే, దాన్ని బయటికి తీసి మీ ముందు బల్ల మీద పెడతారు. పరిశోధకులకే పరిమితమని అనుకునే ఈ అవకాశం అక్కడ ఎవరికైనా ఉంది. గాజు అడ్డం లేకుండా ఒక గౌను లోపలి కుట్టును చూడడం ఈ జవాబులన్నిటికన్నా ఎక్కువ నేర్పుతుంది.

దూరాన ఉన్నవారికి కూడా దారి ఉంది. మెట్రొపాలిటన్ మ్యూజియం 2017లో, ఆంస్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం అంతకు ముందే, హక్కుల పరిమితి లేని లక్షలాది వస్తువుల ఫోటోలను ఉచితంగా వాడుకోవడానికి విడుదల చేశాయి. వాటిని తెర మీద ఎంతో పెద్దవిగా చేసి చూడవచ్చు. ప్రదర్శనకు వెళ్ళే ముందు మీరు చూడదలచిన వస్తువు పేజీ తెరిచి, అది ప్రస్తుతం గదిలో ఉందో లేదో, ఏ నంబరు గదిలో ఉందో చూసుకోండి. రెండవ జవాబులో చెప్పినట్టు గుడ్డలు, కాగితాలు తరచుగా మారుతుంటాయి కాబట్టి బయలుదేరే రోజున మరొక్కసారి చూసుకోవడం మంచిది. ఆ పేజీలో ఉన్న సేకరణ సంఖ్యను రాసుకుని వెళితే, వస్తువు కనబడనప్పుడు అక్కడి సిబ్బందిని అడగడం కూడా సులువవుతుంది.